త్రిభుజం పాఠం: ముందు చేతికి, తర్వాత నోటికి

“టీచర్, నా కంపాస్ పాడైపోయింది.”

ఏడో తరగతి పిల్ల నోటుబుక్కు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. 8 సెంటీమీటర్ల గీత గీసుకుంది. ఒక కొసన ముల్లు గుచ్చి 3 సెంటీమీటర్లతో ఒక చాపం, రెండో కొసన గుచ్చి 4 సెంటీమీటర్లతో ఇంకో చాపం వేసింది. రెండూ కలవలేదు. మర బిగించి మళ్లీ వేసింది. మూడోసారీ వేసింది. ముల్లు గుచ్చినచోట కాగితానికి చిల్లు పడింది. 3, 4, 8 కొలతలతో త్రిభుజం గీయమని ఇచ్చింది నేనే, కావాలనే ఇచ్చాను. “పక్కమ్మాయి కంపాస్ తీసుకుని వేసి చూడమ్మా” అన్నాను. దానితోనూ కలవలేదు. ఆ పిల్ల గీతవైపు కాసేపు చూసి, “టీచర్, ఈ రెండూ పొట్టివి. అటు చెయ్యీ ఇటు చెయ్యీ అందుకోవట్లేదు” అంది.

ఏ రెండు భుజాల మొత్తమైనా మూడో భుజం కంటే ఎక్కువగా ఉండాలన్న సూత్రం ఆ పిల్లకు అలా దొరికింది. తర్వాత అదే వాక్యం బోర్డు మీద రాస్తే, తను చెప్పిన మాటే నేను రాస్తున్నట్టు చూసింది.

2024లో తెలంగాణలో 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులకు డీఎస్సీ ప్రకటనలు వచ్చాయి. ఆ దారిన బడిలోకి అడుగుపెట్టి లెక్కలు చెబుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పరీక్షకు చదివేటప్పుడు త్రిభుజాల మీద మీరు లెక్కలేనన్ని బిట్లు చేసి ఉంటారు. బిట్లలో పేరు చూసి గుణం చెప్పాలి, గుణం చూసి పేరు చెప్పాలి. తరగతిలో ఆ వరుస పనికిరాదు. పిల్ల చేతిలో త్రిభుజం తయారు కావాలి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూడాలి, పేరు ఆ తర్వాత రావాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను దీనికి తలకిందులుగా చేశాను. మొదటి పీరియడ్‌లోనే బోర్డు మీద మూడు త్రిభుజాలు ముచ్చటగా గీసి, కింద పేర్లు రాసేదాన్ని. మూడింటికీ భూమి అడ్డంగా, శీర్షం పైకి. పిల్లలూ అలాగే దించుకునేవాళ్లు. పరీక్షలో ఒక లంబకోణ త్రిభుజాన్ని కర్ణం కిందికి వచ్చేలా వాల్చి గీసి ఇస్తే, సగంమంది దాన్ని లంబకోణ త్రిభుజంగా గుర్తుపట్టలేదు. ఒక అబ్బాయి మాత్రం ప్రశ్నపత్రాన్నే మెల్లగా తిప్పుతూ పోయి, లంబకోణం ఎడమ మూలకు వచ్చాక జవాబు రాశాడు. వాడు నేర్చుకున్నది నా బొమ్మను. అప్పటినుంచి బోర్డు మీద త్రిభుజం గీస్తే మూడింట రెండైనా వాలుగానో తలకిందులుగానో గీస్తాను.

ఇలా ఎందుకవుతుందో నెదర్లాండ్స్‌కు చెందిన దంపతులు, బడిలో పాఠాలు చెప్పిన పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే 1957లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనల్లో వివరించారు. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా చూస్తారు. మనిషి మొహం గుర్తుపట్టినట్టే. ఆ తర్వాత భుజాలూ కోణాలూ విడివిడిగా కనిపిస్తాయి. ఒక గుణానికీ ఇంకో గుణానికీ ఉన్న సంబంధం ఇంకా తర్వాత. టీచరు మూడో మెట్టు మీద నిలబడి మాట్లాడుతూ, పిల్ల మొదటి మెట్టు మీద ఉంటే, ఆ పిల్లకు మిగిలేది బట్టీ పట్టడమే. బీఈడీలో ఇది చదివే ఉంటారు. త్రిభుజం పాఠం మొదలుపెట్టే ముందురోజు మాత్రం ఒకసారి గుర్తుచేసుకోండి.

మొదటి పీరియడ్‌కు జామెట్రీ పెట్టె తెరవనివ్వకండి. సైకిలు షాపులో అడిగితే సన్నని వాల్వ్ ట్యూబు ఇస్తారు. దాన్ని చిన్న ముక్కలుగా కోసి, మందు గీకేసిన అగ్గిపుల్లలు రెండు కొసల్లోనూ గుచ్చితే కీలు తయారవుతుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా ఈ అగ్గిపుల్లల పద్ధతిని దేశమంతటా బడుల్లోకి తీసుకెళ్లారు. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగు పుల్లలతో చతురస్రం చేయించండి. చతురస్రాన్ని వేలితో తోస్తే వాలిపోతుంది. త్రిభుజం ఎంత తోసినా కదలదు. ఊరి చివర కరెంటు టవర్‌లో అడ్డకమ్మీలు ఎందుకు వేశారో, ఇనుప గేటుకు ఏటవాలు పట్టీ ఎందుకు అతికిస్తారో పిల్లలే చెబుతారు. మీరు మనసులో పెట్టుకోవాల్సింది ఇంకొకటుంది: మూడు పొడవులు తెలిస్తే త్రిభుజం ఆకారం మొత్తం ఖాయమైపోయింది. భు.భు.భు. నిర్మాణానికి పునాది అదే. ఎనిమిదో తరగతిలో చతుర్భుజం గీయడానికి నాలుగు భుజాలు చాలక అయిదో కొలత ఎందుకు అడుగుతామో చెప్పడానికి, ఆ వాలిపోయిన అగ్గిపుల్లల చతురస్రాన్ని గుర్తుచేస్తే సరిపోతుంది.

రెండో పీరియడ్‌లో చేసే పని ఈ పాఠానికి ప్రాణం. నా మాట మీద ఒక్కసారి చేసి చూడండి. రెండు భుజాలు 3, 4 సెంటీమీటర్లు. అవి మారవు. మూడో భుజం ఒక్కో జట్టుకు ఒక్కో కొలత: 1, 2, 3, అలా 8 దాకా. జట్టుకు ఐదుగురేసి ఉంటే నలభైమందికి ఎనిమిది జట్లు. కొబ్బరి ఈనెల ముక్కలైతే అన్ని కొలతలూ రెట్టింపు చేసి కోయించండి, చేతికి అందంగా వస్తాయి. కొసకు కొస తాకించి బల్ల మీద పేర్చమనండి. ఏమొచ్చిందో ఒక్కో జట్టూ బోర్డు దగ్గరికొచ్చి గీయాలి.

1 వచ్చిన జట్టు పుల్లలు ఒకదానిమీద ఒకటి పడుకుంటాయి. త్రిభుజం రాదు. 2 వాళ్లకు ఒక మూల బాగా విప్పారిన త్రిభుజం వస్తుంది. 3 వాళ్లకూ 4 వాళ్లకూ రెండేసి భుజాలు సమానం. 5 వాళ్ల దాంట్లో ఒక మూల నోటుబుక్కు మూలకు సరిగ్గా అతుకుతుంది. 6 వాళ్ల మూల దాన్ని దాటి విచ్చుకుంటుంది. 7 వాళ్లవి మళ్లీ గీతలా పడుకుంటాయి. 8 వాళ్లవి అందుకోనే అందుకోవు. ఒక్క పీరియడ్‌లో విషమబాహు, సమద్విబాహు, అల్పకోణ, లంబకోణ, అధికకోణ త్రిభుజాలన్నీ పిల్లల చేతుల్లోంచి బోర్డు మీదికి వచ్చేస్తాయి. ఇంకా ఒక్క పేరూ చెప్పలేదు మీరు.

ఆ బొమ్మల ముందు నిలబడి ఒక ప్రశ్న వేయండి: 2 వాళ్లకూ 6 వాళ్లకూ విప్పారిన మూలే వచ్చింది, రెండూ ఒకే మూలా? కావు. 6 వాళ్లకు 3, 4 పుల్లలు కలిసేచోట వచ్చింది. 2 వాళ్లకు 2, 3 పుల్లలు కలిసేచోట. రెండు చోట్లా అది అందరికంటే పొడవైన పుల్లకు ఎదురుగా ఉంది. పెద్ద భుజానికి ఎదురుగానే పెద్ద కోణం ఉంటుందని ఎవరో ఒకరు అనేదాకా ఆగండి. రెండు నిమిషాలు తరగతి నిశ్శబ్దంగా ఉంటే కంగారుపడి మీరే చెప్పేయకండి. ఆ నిశ్శబ్దంలో పని జరుగుతూ ఉంటుంది.

ఇంకో ప్రశ్న: సమబాహు త్రిభుజం ఏ జట్టుకూ ఎందుకు రాలేదు? 3, 4 అన్నప్పుడే రెండు భుజాలు వేరైపోయాయి, ఇక మూడూ సమానం ఎలా అవుతాయి! ఈ జవాబు నాకు ఎప్పుడూ వెనక బెంచీ నుంచే వచ్చింది.

ఇప్పుడు పేర్లు. పిల్లలు తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే మనం ఆరు పేర్లనూ ఒకే వరుసలో అప్పజెప్పిస్తాం. ఆరు రకాల త్రిభుజాలు ఉన్నాయనీ, ఒక త్రిభుజానికి ఒకే పేరు ఉంటుందనీ వాళ్లు అనుకుంటారు. మనిషికి ఇంటిపేరు, పేరు ఉన్నట్టే త్రిభుజానికీ రెండుంటాయని చెప్పండి. భుజాల్ని బట్టి ఒకటి, కోణాల్ని బట్టి ఒకటి. బోర్డు మీద తొమ్మిది గళ్ల పట్టిక గీసి, అడ్డంగా సమబాహు, సమద్విబాహు, విషమబాహు అని, నిలువుగా అల్పకోణ, లంబకోణ, అధికకోణ అని రాయండి. పుల్లలతో వచ్చిన త్రిభుజాలు ఏ గడిలోకి వెళ్తాయో పిల్లలే పెట్టాలి. తొమ్మిదిలో రెండు గళ్లు ఎప్పటికీ నిండవు. సమబాహు త్రిభుజానికి మూడు కోణాలూ 60 డిగ్రీలే కాబట్టి అది లంబకోణ త్రిభుజమూ కాలేదు, అధికకోణ త్రిభుజమూ కాలేదు. ఆ రెండు గళ్లు ఎందుకు ఖాళీయో ఇంటిదగ్గర ఆలోచించి రమ్మనండి. పెట్టెలోని రెండు మూలమట్టాలనూ ఆ పట్టికలో పెట్టించండి. ఒకటి 45, 45, 90 డిగ్రీలది, లంబకోణ సమద్విబాహు. రెండోది 30, 60, 90ది, లంబకోణ విషమబాహు. ఏడాదంతా పెట్టెలో ఉన్నా వాటిని త్రిభుజాలుగా చూసిన పిల్లలు చాలా తక్కువ.

ఒక పొరపాటు ప్రతి ఏడూ వస్తుంది. “ఇందులో అల్పకోణం ఉంది కాబట్టి ఇది అల్పకోణ త్రిభుజం” అంటారు. కొట్టిపారేయకండి, అది తర్కంతో అన్న మాటే. ఒక లంబకోణం ఉంటే లంబకోణ త్రిభుజం అన్నప్పుడు, ఒక అల్పకోణం ఉంటే అల్పకోణ త్రిభుజం కావాలి కదా! ఏ త్రిభుజాన్నైనా తీసుకుని కోణాలు కొలవమనండి. కనీసం రెండు అల్పకోణాలు లేని త్రిభుజం ఒక్కటీ దొరకదు. మూడింటి మొత్తం 180 అయినప్పుడు రెండు కోణాలు 90కి తగ్గకుండా ఉండటం కుదరదు. అందరికీ ఉన్నదాన్ని పట్టుకుని పేరు పెడితే లాభమేముంది, అందుకే మూడూ అల్పకోణాలైతేనే ఆ పేరు అని అప్పుడు చెబితే నాటుకుంటుంది.

మాటల విషయంలో తెలుగు మనకు పెద్ద సాయం. ఇప్పుడు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఐసోసెలెస్, స్కేలీన్ అన్న పేర్లు మన పిల్లలకు ఉత్త చప్పుళ్లే. సమద్విబాహు అన్న మాటను విడగొడితే అర్థం అందులోనే ఉంది: రెండు బాహువులు సమానం. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు త్రిభుజాలను సమ, ద్విసమ, విషమ అనే విభజించాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా చెప్పాడు. అంటే ఈ పేర్ల మూలాలు వెయ్యేళ్ల నాటివని పిల్లలకు తెలియాలి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ‘పరిస్థితి విషమంగా ఉంది’ అని ఆసుపత్రి కబుర్లలో విన్న పిల్లలకు విషమం అంటే ప్రమాదం. ఇక్కడ దాని అర్థం సమానం కానిది అని ఒక్కమాట చెప్పండి. సమబాహు త్రిభుజం సమద్విబాహు కూడా అవుతుందా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. యూక్లిడ్ సరిగ్గా రెండే సమానం అన్నాడు. ఇప్పటి గణితంలో కనీసం రెండు అంటాం. ‘కనీసం’ అన్న మాట వాడండి, పై తరగతుల్లో చిక్కు ఉండదు.

ఇక గీయడం. ముందు పనిముట్లు చూడండి. పెన్సిలు మొన మొద్దుగా ఉంటే చాపం మందం ఒక మిల్లీమీటరు అవుతుంది, ఖండన బిందువు ఎక్కడో పిల్లకే తెలియదు. ముల్లు, పెన్సిలు మొన సమానంగా ఉండాలి. కంపాస్‌ను తలదగ్గర బొటనవేలు, చూపుడువేలితో పట్టి తిప్పాలి. కాళ్లు పట్టుకుని తిప్పితే దూరం జరిగిపోతుంది. ఒంటి కాగితం మీద గీస్తే ముల్లు బల్ల మీద జారుతుంది, కింద నాలుగు పేజీలైనా ఉండాలి. స్కేలు మీద కొలత తీసుకునేటప్పుడు అంచు నుంచి తీసుకోకుండా సున్నా గీత నుంచి తీసుకోవాలి. ఇవన్నీ చిన్న సంగతుల్లా కనిపిస్తాయి. లెక్క వచ్చిన పిల్ల గీత రాక మార్కులు పోగొట్టుకునేది వీటి దగ్గరే.

తరగతిలో అందరి దగ్గరా కంపాస్ ఉండదు. కొనుక్కురాలేదని ఎవరినీ నిలబెట్టకండి. అట్టముక్కతో వేలెడు వెడల్పు పట్టీ కోసి, సెంటీమీటరుకో రంధ్రం పెట్టించండి. సున్నా దగ్గర గుండుసూది, 5 దగ్గర పెన్సిలు మొన పెట్టి తిప్పితే 5 సెంటీమీటర్ల చాపం వస్తుంది. బోర్డు మీద చెక్క కంపాస్ జారితే పురికొసకు సుద్దముక్క కట్టండి. పిల్లల 5 సెంటీమీటర్లు బోర్డు మీద 50 సెంటీమీటర్లు అని ముందే చెప్పండి, లేకపోతే కొందరు మీ బొమ్మ చూసి నోటుబుక్కు చాలట్లేదంటారు.

చిత్తుపటం లేకుండా ఏ నిర్మాణమూ మొదలుపెట్టనివ్వకండి. చేతితో వంకరటింకరగా గీసినా పర్వాలేదు, శీర్షాల పేర్లూ కొలతలూ దానిమీద ఉండాలి. కోణం ఏ రెండు భుజాల మధ్యదో చిత్తుపటం మీదే తేలిపోతుంది. భు.కో.భు. లెక్కల్లో తప్పులు చాలావరకు ఆ పటం వేయకపోవడం వల్లే.

భు.భు.భు.లో చాపం ఎందుకు వేస్తున్నామో చెప్పకుండా వేయించేస్తుంటాం. భూమి బీసీ అనుకుంటే, బి నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చోట్లు ఎన్ని? బోలెడు, అన్నీ కలిపితే వృత్తం. సి నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవీ అంతే. రెండు షరతులూ ఒప్పుకునే చోటు ఆ వృత్తాలు కోసుకునేచోటే ఉంటుంది. మొదటిసారి చాపాలు వద్దు, వృత్తాలే పూర్తిగా గీయించండి. భూమికి కింద కూడా కలుస్తాయి, అక్కడా ఒక త్రిభుజం వస్తుంది, అది మొదటిదాన్ని మడతపెట్టినట్టే ఉంటుంది. యూక్లిడ్ గ్రంథంలో మొట్టమొదటి ప్రతిపాదన ఇలా రెండు వృత్తాలతో సమబాహు త్రిభుజం గీయడమే. కోణమాని లేకుండా 60 డిగ్రీలు గీయడం పిల్లలకు నేర్పుతాం కదా, ఆ చాపాల్లో దాక్కుని ఉన్నదీ ఆ సమబాహు త్రిభుజమే. మూడో గీత కలిపి చూపించండి, అంతవరకూ మంత్రంలా చేసినవాళ్ల మొహాలు మారతాయి.

కోణమానిలో రెండు వరుసల అంకెలుంటాయి, అందుకే 60 అంటే 120 గీస్తారు. గీయకముందే “నోటుబుక్కు మూల కంటే ఎక్కువా, తక్కువా?” అని అడగడం అలవాటు చేయండి. కో.భు.కో.లో ఒకసారి 100, 95 డిగ్రీలు ఇచ్చి చూడండి, గీతలు విడిపోతూ పోతాయి. ఇంకొకటి, పై తరగతి పిల్లలకు: ఏబీ 6 సెంటీమీటర్లు, ఏ దగ్గర కోణం 40 డిగ్రీలు, బీసీ 4.5 సెంటీమీటర్లు. బి నుంచి వేసిన చాపం కిరణాన్ని రెండుచోట్ల కోస్తుంది, రెండు వేర్వేరు త్రిభుజాలు వస్తాయి. సర్వసమానత్వ నియమాల్లో భు.భు.కో. ఎందుకు లేదో ఇక చెప్పనక్కర్లేదు.

సంక్రాంతి దగ్గరపడితే ముగ్గుల్లోకి వెళ్లండి. చుక్కలు ఎదురెదురుగా పెట్టే ముగ్గులో లంబకోణ త్రిభుజాలు సులువుగా వస్తాయి. ఆ చుక్కలు మూలలుగా సమబాహు త్రిభుజం మాత్రం ఎంత పెద్ద ముగ్గు పెట్టినా రాదు. అలాంటి త్రిభుజం వైశాల్యం ఎప్పుడూ గళ్లలో పూర్ణాంకమో, దానికి సగం కలిపిందో అవుతుంది. సమబాహు త్రిభుజం వైశాల్యంలో మూడు వర్గమూలం వచ్చి పడుతుంది. ఈ కారణం మీకోసం, పిల్లలకు అక్కర్లేదు. వాళ్లను ప్రయత్నించనివ్వండి. సందు చుక్కలు సమదూరంగా పెడితే అదే త్రిభుజం అడుగడుగునా దొరుకుతుంది.

పేపర్లు దిద్దేటప్పుడు చాపాలు చెరిపేసిన అందమైన బొమ్మకు పూర్తి మార్కులు వేయకండి. ఎలా వచ్చిందో చూపేది ఆ చాపాలే. నేను భుజంలో రెండు మిల్లీమీటర్లు, కోణంలో రెండు డిగ్రీల తేడాను తప్పు కింద లెక్కపెట్టను. చిత్తుపటానికి తప్పకుండా ఒక మార్కు ఉంచుతాను, నిర్మాణం కుదరకపోయినా అది వాళ్లకు దక్కుతుంది.

చివరి పీరియడ్ గ్రౌండ్‌లో. 12 మీటర్ల తాడు, ఒక కొస నుంచి 3 మీటర్ల దగ్గర, 7 మీటర్ల దగ్గర రంగు గుడ్డలు కట్టండి. కొసలు రెండూ కలిపి ఒకరు, గుడ్డల దగ్గర ఇద్దరు పట్టుకుని లాగితే 3, 4, 5 త్రిభుజం. మొదటి గుడ్డ దగ్గర లంబకోణం. కబడ్డీ కోర్టు మూలను దానితో సరిచూడమనండి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు మూల సరిచూసేది ఈ లెక్కతోనే. మేస్త్రీ చేతిలోనిదీ, మన పిల్లల పెట్టెలోనిదీ కూడా మూలమట్టమే. తాపీపని చేసే తండ్రో మామయ్యో ఉన్న పిల్ల మీ తరగతిలో తప్పకుండా ఉంటుంది, తాడు ఆ పిల్ల చేతికే ముందు ఇవ్వండి. తాడు ఎక్కడా సడలకుండా చూసే పని నాలుగో పిల్లకు అప్పజెప్పండి. సడలితే కొలతలు మారిపోతాయి, మూల 90 డిగ్రీలు రాదు.